ముఖ్య అతిథి వచ్చేవరకు ఆగవలెను

రెండున్నరేళ్ళ పసిబిడ్డ పాటీ కుర్చీ మీద కూర్చుని, చేయవలసిన పని చేసి లేచినప్పుడు, ఆ బిడ్డకు ఏ బహుమతి ఇవ్వాలి? ఇంత ముఖ్యమైన ప్రశ్నను మానవజాతి ఇన్నాళ్ళూ తల్లుల చేతుల్లో వదిలిపెట్టి ఊరుకుంది. ఆ నిర్లక్ష్యాన్ని సరిదిద్దిన ఘనత గోదావరి ఒడ్డునున్న మా పట్టణానిది. ఇందుకోసం మా ఊళ్ళో ‘పట్టణ బాల సదభ్యాస ప్రోత్సాహక మండలి’ వెలసింది. దానికి అధ్యక్షుడు, కార్యదర్శి, ప్రవర్తనా శాస్త్ర సలహాదారు, భవనం, భవనం ముందు కారు నిలిపే చోటు ఏర్పడ్డాయి. అప్పటికి శిక్షణ పొందిన బిడ్డ మాత్రం ఒక్కరూ లేరు.

మండలి మొదట బహుమతుల ఉపసంఘాన్ని వేసింది. చాక్లెట్ ఇద్దామంటే పళ్ళ డాక్టరు అభ్యంతరం చెప్పాడు. నక్షత్రాల స్టిక్కర్లు అంటిద్దామంటే, అవి నుదుటి నుంచి గోడకూ గోడ నుంచి నోటికీ ప్రయాణిస్తాయని తేలింది. ఒక ముద్దు పెడితే చాలదా అని ఎవరో అమాయకురాలు అడిగింది. ముద్దుకు నాణ్యతా ప్రమాణాలు నిర్ణయించడం, సరఫరాదారులను ఎంపిక చేయడం కష్టమని ఆ సూచనను తోసిపుచ్చారు. చివరకు వెనక వరసలో కునుకు తీస్తున్న ఒక సభ్యుడు లేచి, “మన ఊళ్ళో ఏదైనా సాధించినవాడికి ఇన్నాళ్ళూ మనం ఏమిచ్చామండీ?” అన్నాడు.

సభ్యులందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సమాధానం అందరి ఇళ్ళలోనూ, అందరి బీరువాల్లోనూ, మడత విప్పకుండా ఉంది.

శాలువా.

పరాయి ఊరివారి కోసం కొంచెం వివరించాలి. మా పట్టణంలో శాలువా కప్పించుకోని పెద్దమనిషి లేడు. పదవి వస్తే శాలువా, పదవి పోతే శాలువా. పద్యాలు రాస్తే శాలువా, రాయడం మానేస్తే ఇంకా పెద్ద శాలువా. మా ఉక్కపోతలో వాటిని ఎవరూ కప్పుకోరు కనుక అవి ఒక సభ నుంచి మరో సభకు వెళుతుంటాయి. ఒకే శాలువా ముగ్గురు పండితులనూ, ఒక పశువైద్యుణ్ణీ సన్మానించి, తిరిగి మొదటి పండితుడి భుజాల మీదికే చేరిన సందర్భం నాకు తెలుసు. ఆయన దాన్ని గుర్తుపట్టి కంటతడి పెట్టారు. సభికులు ఆ కన్నీటిని కృతజ్ఞతగా భావించారు.

అయితే శాలువా ఒంటరిగా రాదు. శాలువాకు సభ కావాలి. సభకు అధ్యక్షుడు, జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, స్వాగతోపన్యాసం, ముఖ్య అతిథి, జ్ఞాపిక, వందన సమర్పణ కావాలి. ఇవన్నీ ఒక పాటీ కుర్చీ చుట్టూ అమర్చాలని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది.

నాకు ఈ తీర్మానంతో నిమిత్తం లేకుండా పోయేదే. కాని మా అమ్మాయి ప్రసూన రైల్వే టికెట్ల కౌంటర్లో పనిచేస్తుంది. అల్లుడు సరుకు ఓడ మీద ఇంజనీరు. ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ళ మీదే. ప్రసూన సెలవు జూన్‌తో అయిపోతోంది. ఈలోగా మనవరాలు నైమిషకు, అంటే మా నిమ్మికి, వీధి చివర ఉన్న ‘చిరుగువ్వ’ ప్లేస్కూల్లో సీటు దొరకాలి. దొరకకపోతే ప్రసూన ఉద్యోగం వదులుకోవాలి, ఎందుకంటే రోజంతా నిమ్మి వెనక పరుగెత్తడానికి నా మోకాళ్ళు ఏనాడో నిరాకరించాయి. ఆ స్కూలువారు డైపర్ తొడుక్కున్న పిల్లలను గడప తొక్కనివ్వరు. పైగా ఈ ఏడాది నుంచి, మండలి సన్మానం పొందినట్టు జ్ఞాపిక చూపిస్తేనే దరఖాస్తు తీసుకుంటామని గేటుకు బోర్డు తగిలించారు.

నేను మండలి కార్యాలయానికి వెళ్ళాను.

కార్యదర్శి పరబ్రహ్మం గారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చేతిలో ఏదో పళ్ళెం ఉన్నట్టు కాస్త ముందుకు వంగి నడిచే మనిషి. ఊళ్ళో ఏ సభ జరిగినా శాలువాల పళ్ళెం పట్టుకునేది ఆయనే, ఆఖరున వందన సమర్పణ చేసేదీ ఆయనే.

“దయచెయ్యండి అమ్మగారూ. ఇన్నాళ్ళకి మా మీద దయ కలిగిందండి, ఆయ్. అప్పుడు సన్మానం చేస్తామంటే తమరు తిప్పి పంపించేశారు, గుర్తుందాండీ?”

“గుర్తుంది. ఎందుకు చేస్తున్నారని అడిగాను. డెబ్భై ఏళ్ళు నిండాయన్నారు. డెబ్భై నిండడం నేను చేసిన పని కాదు, దానంతటదే జరిగింది అన్నాను.”

“చేసిన పనికే సన్మానమంటే సభలు నడవవండీ,” అన్నారాయన ఎంతో సానుభూతితో. తరవాత కళ్ళజోడు సవరించుకున్నారు. “సరే, లబ్ధిదారు ప్రస్తుత స్థితి చెప్పండి. సూచన ఇచ్చి విసర్జిస్తున్నారా, విసర్జించి సూచన ఇస్తున్నారా?”

“పని అయ్యాక వచ్చి, నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాక్కెళ్ళి చూపిస్తుంది.”

“పశ్చాత్ సూచన,” అని ఆయన రాసుకున్నారు. “ఇంట్లో ఏవైనా పద్ధతులు వాడుతున్నారాండీ?”

“మా అమ్మ వాడిన పద్ధతే. పిల్లను నా పాదాల మీద కూర్చోబెట్టుకుని ‘స్స్’ అంటాను.”

పరబ్రహ్మం గారు కలం కింద పెట్టేశారు.

“‘స్స్’ అంటున్నారా?”

“అంటున్నాను.”

“అది అనధికార ప్రేరణ అండీ! ప్రోత్సాహకం అనేది కార్యం తరవాత రావాలి గానీ ముందు రాకూడదు. వెంటనే నిలిపెయ్యండి.”

“ఈ దేశంలో ఇంతవరకు అందరూ దానితోనే పెరిగారు.”

“అందుకే కదండీ దేశం ఇలా తగలడింది!” అన్నారు పరబ్రహ్మం గారు.

నేను ‘స్స్’ నిలిపివేశాను. ఆ విధంగా, సగం నేర్చుకున్న పిల్లను మండలికి అప్పగించాను.

సభలకు ముందే ఒక శాస్త్రీయ సమస్య తలెత్తింది. సలహాదారు డాక్టర్ హరిణాక్షి గారు, పని జరిగిన మరుక్షణమే బహుమతి అందాలనీ, ఆలస్యమైతే దేనికిచ్చారో పిల్లకు అర్థం కాదనీ తేల్చి చెప్పారు. ఇది నిజంగా మంచి సలహా. మా పట్టణంలో ముఖ్య అతిథి మరుక్షణం రావడమన్నది మాత్రం చరిత్రలో లేదు. మండలి ఈ చిక్కును సాయంత్రంలోగా విప్పేసింది. బహుమతిని పని దగ్గరికి తొందరగా తేలేం గనుక, పనిని బహుమతి వచ్చేదాకా ఆపాలి. హాల్లో పాటీ కుర్చీ వెనక గోడకు ‘ముఖ్య అతిథి వచ్చేవరకు ఆగవలెను’ అని బోర్డు పెట్టారు. లబ్ధిదారులకు చదవడం రాదు కాబట్టి అక్షరాలు చాలా పెద్దవిగా రాయించారు.

నిమ్మి తొలి సభ శుక్రవారం జరిగింది. వేదిక మీద ఎర్ర తివాచీ, తివాచీ మీద పసుపురంగు పాటీ కుర్చీ, దాని ముందు పిల్ల మర్యాద కోసం మోకాలెత్తు తెర. ముఖ్య అతిథి ఒక విశ్రాంత సూపరింటెండింగ్ ఇంజనీరు. ఆయన దారిలో ఉన్నారని మైకులో చెప్పారు. కాసేపటికి ఇంకా దారిలోనే ఉన్నారని చెప్పారు. స్వాగతోపన్యాసం ‘నేటి బాలలే’ అన్న చోటికి వచ్చేసరికి తెర వెనక నుంచి నిమ్మి చక్కగా లేచి నిలబడి, కిందికి వేలు చూపించి, “అయిపోయింది!” అంది.

ప్రసూన ఆనందంతో చప్పట్లు కొట్టబోయింది. పరబ్రహ్మం గారు పళ్ళెం అడ్డం పెట్టారు.

“చెల్లదమ్మా. అతిథి గారు రాకుండా జరిగిన కార్యం సభా మర్యాదలోకి రాదు.”

“చేసిందిగా బాబాయిగారూ! కళ్ళముందే ఉంది!”

“ఉందమ్మా, కాదనను. కానీ అధికారికంగా లేదు.”

అధికారికంగా లేనిదాన్ని మేమే కడిగాం.

రెండో సభకు అతిథి సకాలంలో వచ్చి, నదీలోయ నాగరికతల మురుగు కాలువలతో మొదలుపెట్టారు. ఆయన మధ్యయుగాలకు చేరేలోపల నిమ్మి కుర్చీలోనే నిద్రపోయింది. మూడో సభలో దైవం కలిసొచ్చింది. ముఖ్య అతిథి, “కాబట్టి మిత్రులారా” అన్న క్షణాన పని జరిగింది. హాలు దద్దరిల్లింది. నిమ్మిని ఎత్తి నిలబెట్టి శాలువా చుట్టారు. పిల్ల అందులో పూర్తిగా మాయమైంది. దండ వేశారు. గాజు పెట్టెలో బంగారు పూత పూసిన బుల్లి పాటీ కుర్చీని చేతికిచ్చారు. శాలువా మడతల్లోంచి రెండు కళ్ళు బయటకొచ్చి, లేచి చప్పట్లు కొడుతున్న జనాన్ని చూశాయి. ఆ కళ్ళలో నేను అంతకుముందు చూడని వెలుగు కనిపించింది. మా పట్టణంలో చాలామంది పెద్దమనుషుల కళ్ళలో చూసిన వెలుగే అది. నాకు భయం వేసింది.

మర్నాడు ఉదయం నిమ్మి పాటీ కుర్చీ ముందు నిలబడి, “మైకు?” అంది.

“మైకు లేదమ్మా, ఇల్లు కదా. కూర్చో తల్లీ,” అంది ప్రసూన.

“మైకు! తాతలు!” అంది నిమ్మి, రెండు కాళ్ళూ దగ్గరగా బిగించుకుని.

ఈ పరిస్థితి మా ఇంటికే పరిమితం కాలేదు. సన్మానితులైన శిశువులెవరూ సభ లేకుండా కూర్చోవడం లేదని పట్టణం నలుమూలల నుంచి కబుర్లు వచ్చాయి. మండలి దీన్ని వైఫల్యంగా చూడలేదు. పథకానికి ప్రజాదరణగా చూసింది. రాత్రింబవళ్ళు పనిచేసే సంచార సన్మాన వాహనాన్ని ప్రవేశపెట్టింది. వ్యానులో మైకు, దీపపు సెమ్మె, శాలువాలు, వంతులవారీగా ఒక ముఖ్య అతిథి. విశ్రాంత ఉద్యోగులు ఈ సేవకు ఎగబడ్డారు. ఏళ్ళ తరబడి ఎవరూ వినని ఉపన్యాసాలకు, కాళ్ళు బిగించుకుని తమ రాక కోసం కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసే శ్రోతలు దొరికారు. భర్త మళ్ళీ ఇస్త్రీ చొక్కాలు అడుగుతున్నాడని ఒక ఇల్లాలు నాతో ఆశ్చర్యపడింది.

వాహనం అందని చోట జనం సొంత ఏర్పాట్లు చేసుకున్నారు. ఒకరోజు నేను నిమ్మితో బస్సులో వస్తున్నాను. కొబ్బరి తోటల మధ్య పిల్ల నా చేయి గుంజి, “అమ్మమ్మా, ఉచ్చ,” అంది. సూచన ఇచ్చింది, అదీ ముందుగా! నేను సంతోషించేలోగానే, “తాతలు!” అంది.

కండక్టరుకు విషయం చెప్పాను. అతని ముఖంలో ఆశ్చర్యం లేదు. ఈల వేసి బస్సు ఆపించి, వెనక్కి తిరిగి అరిచాడు.

“ఏవండీ, బస్సులో రిటైరైనోళ్ళెవరన్నా ఉన్నారాండీ?”

చాలా చేతులు లేచాయి.

“నేను హెడ్మాస్టరుగా చేశాను,” అన్నారు కిటికీ పక్కాయన.

“నేను ఇరిగేషన్ ఆఫీసులో ఏ.ఈ.ని. గెజిటెడ్డు,” అన్నారు వెనక సీటాయన.

“గెజిటెడ్డయితే ఏటండీ? ఈవిడగారి సబ్జెక్టు పిల్లలకి సంబంధించింది. నేను పిల్లల మధ్యే బతికాను.”

“సబ్జెక్టు కాలవలకి సంబంధించిందండీ, నాకు తెలీదా?”

“ఒరే నాయనా, పిల్ల ఆగలేకపోతోంది, ఎవరో ఒకరు దిగండ్రా!” అని చేపల బుట్ట పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ కేకేసింది.

కండక్టరు సభాధ్యక్షుడై, హెడ్మాస్టరును ముఖ్య అతిథిగానూ ఏ.ఈ.ని విశిష్ట అతిథిగానూ ప్రకటించి తగువు తీర్చాడు. జ్యోతి ప్రజ్వలనకు బదులు డ్రైవరు పట్టపగలు హెడ్‌లైట్లు వెలిగించాడు. రోడ్డు పక్కన, కొబ్బరి చెట్టు మొదట్లో, బస్సు యావత్తూ లేచి నిలబడి చప్పట్లు కొడుతుండగా మా నిమ్మి కార్యం నెరవేర్చింది. శాలువాకు ముసలమ్మ తువ్వాలు ఇచ్చింది. ఆ తువ్వాలు వాసన ఇంటికి చేరేదాకా మా వెంటే వచ్చింది.

ఇంతలో స్కూలు తెరిచే రోజు వచ్చింది. ప్రిన్సిపాల్ సుభాషిణి గారు మా జ్ఞాపికను చేతిలోకి తీసుకోనైనా లేదు.

“ఇవి ఇప్పుడు అద్దెకు దొరుకుతున్నాయి మేడమ్. మేం రూలు మార్చాం. ఈరోజు పొద్దున్న ప్రార్థన గంట కొట్టేలోగా పాప తనంతట తాను అడిగి, మా బాత్రూములో పని ముగించాలి. బట్టలు తడిస్తే సీటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. బయట ఎంతమంది నిలబడ్డారో చూశారుగా.”

చూశాను. ఆ పూటే ప్రసూన తిరిగి డ్యూటీలో చేరింది. వెళ్ళేముందు నిమ్మి తల నిమిరి, “అమ్మా, ఎలాగైనా...” అని మిగతాది మింగేసి వెళ్ళింది. రాజీనామా కాగితం రాసి పర్సులో పెట్టుకుందని నాకు తెలుసు.

సంచార వాహనానికి ముందురోజే చెప్పి ఉంచాను. అది రాలేదు. మండలి అధ్యక్షుడి మనవడి సన్మానానికి వాహనమూ, ఊళ్ళోని ముఖ్య అతిథులందరూ తరలిపోయారని తెలిసింది. నిమ్మి నా కొంగు లాగి, స్పష్టంగా, అందరికీ వినబడేలా, “అమ్మమ్మా, ఉచ్చ,” అంది. ప్రిన్సిపాల్ తల ఊపింది. తరవాత నిమ్మి చుట్టూ చూసి, కాళ్ళు బిగించుకుని, ఎదురుచూడసాగింది.

నేను బతిమాలాను. నిషేధించిన ‘స్స్’ను కూడా వాడాను. పిల్ల నా వైపు, సభామర్యాద తెలియని మనిషిని చూసినట్టు చూసింది. పెదవి వణుకుతోంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అంత చిన్న శరీరం అంత పెద్ద క్రమశిక్షణను మోయలేదు.

అప్పుడు నేను జీవితంలో ఎన్నడూ చేయకూడదనుకున్న పని చేశాను. నిమ్మిని స్కూలు బాత్రూములోకి తీసుకెళ్ళి, అక్కడి బకెట్టు బోర్లించాను. మగ్గు చేతిలోకి తీసుకుని నోటి దగ్గర పెట్టుకున్నాను.

“సభకు నమస్కారం. నేటి సభకు అధ్యక్షత వహించవలసిందిగా శ్రీమతి నూకాలమ్మ గారిని ఆహ్వానిస్తున్నాను.”

గచ్చు తుడుస్తున్న ఆయా నూకాలమ్మ అటూ ఇటూ చూసింది. “నన్నేటమ్మా?”

“నిన్నే. తలుపు దగ్గర నిలబడు, చాలు.”

నిమ్మి ముఖం విప్పారింది. అక్కడున్న పాటీ కుర్చీ మీద కూర్చుంది. “తాత?” అంది.

అతిథి లేడు. నూకాలమ్మ కొడవలిలా వంగిన చీపురును గోడకు చేర్చి, “తాతనెక్కడ తెస్తావమ్మా?” అని చేతులు తిప్పింది. గంట కొట్టడానికి ప్యూను బయలుదేరాడు. అదే సమయంలో గేటు దగ్గర స్కూటరు ఆగిన చప్పుడైంది. పరబ్రహ్మం గారు చంకలో శాలువాతో రొప్పుతూ వచ్చారు.

“క్షమించండి అమ్మగారూ, వేను దొరకలేదండి. అతిథులు ఒక్కరూ రామన్నారు. కనీసం శాలువా అన్నా ఇద్దామని...”

“రండి. ముఖ్య అతిథిగా వేదికను అలంకరించండి,” అన్నాను బోర్లించిన బకెట్టు చూపిస్తూ.

ఆయన వెనక్కి తిరిగి చూశారు, ఇంకెవరినో పిలిచానేమోనని.

“నేనాండీ?”

“మీరే.”

“నేను... నేను వందన సమర్పణ అండీ. ఎప్పుడూ అదే. నన్ను పైకి ఎవరూ...”

“ఇవాళ పైకి రండి.”

పరబ్రహ్మం గారు చెప్పులు విప్పి, బకెట్టుకు నమస్కరించి, మెల్లగా దాని మీద కూర్చున్నారు. నేను మగ్గు ఆయన చేతికిచ్చాను. ఊళ్ళో జరిగిన ప్రతి ఉపన్యాసాన్నీ ఓ మూల నిలబడి పళ్ళెం పట్టుకుని విన్న మనిషి. అవన్నీ ఇప్పుడు మీద పడబోతున్నాయని నేను గుండె చిక్కబట్టుకున్నాను. ఆయన మగ్గు నోటి దగ్గర పెట్టుకున్నారు. నోరు తెరిచారు. మళ్ళీ మూశారు. కళ్ళజోడు వెనక కళ్ళు మసకబారాయి. ఒక్క మాట పెగలలేదు.

మా పట్టణ చరిత్రలో ముఖ్య అతిథి మాట్లాడకుండా కూర్చున్న మొదటి సభ అదే. ఆ గొప్ప నిశ్శబ్దంలో, సన్నగా, ఎడతెగకుండా, ప్లాస్టిక్ మీద వానచినుకుల చప్పుడు వినిపించింది.

తరవాత గంట మోగింది.

“అయిపోయింది!” అంది నిమ్మి.

నూకాలమ్మ చీపురు వదిలేసి చప్పట్లు కొట్టింది. బయట వరసలో నిలబడ్డ తల్లులు కొట్టారు. ప్రిన్సిపాల్ గారు కొట్టకూడదనుకుంటూనే కొట్టారు. పరబ్రహ్మం గారు లేచి, తన చేతులతో, జీవితంలో మొదటిసారి, ఒకరికి శాలువా కప్పారు. ఇన్నేళ్ళుగా పళ్ళెం మీంచి అందించడమే తప్ప కప్పడం తెలియని మనిషి కనుక, అది పిల్ల మెడకు కొంచెం గట్టిగా చుట్టుకుంది. నిమ్మి అభ్యంతరం చెప్పలేదు.

సీటు దొరికింది. ప్రసూన ఆ సాయంత్రం పర్సులోని కాగితాన్ని చింపి, ముక్కలను నిమ్మి తల మీద పూలలా చల్లింది.

మండలి ఆ నెలలోనే వయోపరిమితిని సడలించి, పథకాన్ని పెద్దలకూ విస్తరించింది. నేను దాని మీద ఒక ఘాటైన వ్యాసం రాయాలని కూర్చున్నాను. మొదటి వాక్యం బాగా కుదిరింది. రెండో వాక్యానికి ముందు బాత్రూముకు వెళ్ళవలసి వచ్చింది.

తలుపు తీసుకుని బయటకు వచ్చేసరికి, ఎదురుగా స్టూలు మీద నిమ్మి నిలబడి ఉంది. నేల మీదికి జారిపోతున్న తన శాలువాను రెండు చేతులతో పైకి ఎత్తడానికి అవస్థపడుతోంది. వెనక ప్రసూన నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుని నిలబడింది.

“అమ్మమ్మా, వంగు,” అంది నిమ్మి.

వద్దని చెప్పడానికి నా దగ్గర కారణాలు చాలా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించాను. డెబ్భై ఏళ్ళు నిండినందుకు చేస్తామంటే వద్దన్నాను, నిజమే. కాని ఇది నేను స్వయంగా చేసిన పని.

వంగాను.